ఐర్లండు ఊబి కొండపై ఒక దినము



మేము ఐర్లండు దేశము వెళ్లి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలిసినదే. వచ్చిన నాటి నుండి ఏ గ్రామము వెళ్లినా, ఆరాధన ముగిసి చాపలు చుట్టేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, అక్కడ ఏమి చూశారు?" మేడలను గూర్చి, రైళ్లను గూర్చి వినాలని వారి ఆశ. మేమేమో ఒక కొండను గూర్చి, ఆ కొండ మీది బురదను గూర్చి మొదలుపెడతాము. "బురద చూడడానికి అంత దూరమా? మా చేలో లేదా?" అని మొన్న ఒక పెద్దమ్మ నవ్వింది. అందుచేత తీరికగా రాస్తున్నాము.

మా మరదలు అక్కడ నర్సు. డబ్లిన్ నగరానికి దక్షిణాన, సముద్రపు ఒడ్డున బ్రే అనే ఊరు ఉన్నది. ఆమె కాపురము అక్కడే. టిక్కెట్లు తానే కొని పంపింది. అయినా వెళ్లాలా వద్దా అని మా ఇంటామె, అనగా మీరు అమ్మగారు అని పిలిచే ఆమె, మూడు నెలలు తేల్చలేదు. విమానమంటే భయమేమో అని సంఘములో అందరూ అనుకున్నారు. భయము కాదు. ఆ కారణము తరువాత చెబుతాము.

2024 ఆగస్టులో వెళ్లాము. మొదటి వారము అక్కచెల్లెళ్లిద్దరూ బాగానే మాట్లాడుకున్నారు. బాగానే అంటే ఉప్పు, పప్పు, పిల్లల చదువు, పక్కింటివారి కుక్క. అంతకు మించి లోపలికి పోలేదు. వంటింట్లో ఒకరుంటే ఇంకొకరు హాలులో ఉండేవారు. రెండవ వారములో మరదలు ఉన్నట్టుండి అన్నది: "బావగారూ, శనివారం నాకు సెలవు. ఇక్కడ ఒక కొండ ఉంది. అక్కను మీరు ఎలాగైనా తీసుకురావాలి." ఎందుకని అడిగితే చెప్పలేదు.

ఆ కొండ పేరు జౌస్. ఎత్తు 725 మీటర్లు. మన తిరుమల కొండ కంటే తక్కువే. కారు ఆపే చోటే 400 మీటర్లకు పైన ఉంటుంది గనుక ఎక్కవలసినది సగము కూడా కాదు. రానూ పోనూ ఇంచుమించు 8 కిలోమీటర్ల నడక. వారమునకు నాలుగు గ్రామములు సైకిలు మీద తిరిగినవారము, ఇదొక లెక్కా అనుకున్నాము. అమ్మగారు మాత్రము చీరె విడిచి మరదలి పంజాబీ డ్రెస్సు, మరదలి బూట్లు వేసుకోవలసి వచ్చింది. ఫోటో ఈ పత్రికకు పంపకూడదని మా చేత మాట తీసుకున్నది కాబట్టి పంపడము లేదు.

కారు దిగగానే గాలి. కింద లోయలో లాక్ టే అనే చెరువు. నీళ్లు నల్లగా, ఒక చివర ఇసుక తెల్లగా ఉంటుంది. అక్కడి నల్లని బీరు గ్లాసు మీద తెల్లని నురగలా కనబడుతుందని, పైగా ఆ ఎస్టేటు ఒకప్పుడు ఆ బీరు తయారుచేసిన గిన్నెస్ కుటుంబానిదని, జనము దానిని గిన్నెస్ చెరువు అంటారట. ఆ నీళ్లకు నలుపు ఎక్కడి నుండి వచ్చిందో తరువాత మాకు బాగా తెలిసింది.

"పాములుంటాయేమో, చూసి నడవండి" అన్నది అమ్మగారు అలవాటుగా. మరదలు నవ్వింది. ఐర్లండులో అడవి పాము ఒక్కటి కూడా లేదు! పొలము గట్ల మీద రాత్రివేళ టార్చి వేసుకుని నడిచే మనకు ఇది నమ్మశక్యము కాని మాట. అయిదవ శతాబ్దములో అక్కడ సువార్త ప్రకటించిన పాట్రిక్ గారు పాములన్నిటినీ సముద్రములోకి తరిమాడని ఆ దేశములో ఒక కథ ఉన్నది. ఆయనను గూర్చి డిప్లొమా చదివిన రోజుల్లో సంఘ చరిత్రలో రెండు పుటలు కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకున్నాము గాని, పాముల విషయము వేరు. పూర్వము ఆ దేశమంతా మంచు కప్పి ఉండగా పాము బ్రతకలేదు. మంచు కరిగిన తరువాత చుట్టూ సముద్రము వచ్చేసింది. పాకి రావడానికి దారి లేకపోయింది. పాట్రిక్ గారు వెళ్లేసరికి తరమడానికి ఏమీ లేదు.

కొంత దూరము పైన్ చెట్ల పక్కగా వెళ్లి బయలులోకి వచ్చాము. అక్కడ ఒక రాయి మీద జె. బి. మలోన్ అనే ఆయన పేరు చెక్కి ఉన్నది. విక్లో మార్గము అనే పొడవైన కాలిబాటకు ఆయన కారకుడు. ఆ దేశములో గుర్తులు పెట్టి తీర్చిన పెద్ద కాలిబాటలలో అది మొదటిది, 1980లో తెరిచారు. డబ్లిన్ అంచు నుండి సుమారు 130 కిలోమీటర్లు పోతుంది. కేవలము నడవడము కోసమే బాట! బస్సు లేక నడిచేవారమే గాని బస్సు ఉండగా నడిచేవారము కాదు మనము.

అక్కడి నుండి చెక్క దారి మొదలైనది. పాత రైలు పట్టాల కింది స్లీపరు దుంగలను జంటగా పరచుకుంటూ కొండ మీదికి తీసుకెళ్లారు. మన పంట కాలువ మీద తాటి దుంగ వేసి దాటుతాము చూడండి, అటువంటి దుంగలే వరుసగా ఎంతో దూరము. కాలు జారకుండా వాటి నిండా ఇనుప కొక్కెములు కొట్టారు. ఇంత ఖర్చు ఎందుకని అడిగాము. నడిచేవారికి బురద అంటకుండా అని మేము అనుకున్నది సగమే నిజము. బురద వచ్చిన చోట మనిషి పక్కకు తప్పుకుని నడుస్తాడు. తరువాతివాడు ఇంకా పక్కకు పోతాడు. అలా బాట వెడల్పై, గడ్డి చచ్చి, నల్లమట్టి వానకు కొట్టుకుపోతుంది. దుంగలు వేసినది కొండను మనుషుల నుండి కాపాడడానికి కూడా.

ఆ నల్లమట్టిని గూర్చి రైతు కుటుంబాలవారు తెలుసుకోదగిన మాట ఒకటి ఉన్నది. దానిని పీటు అంటారు. చూడడానికి మన నల్లరేగడిలా ఉంటుంది గాని అది మట్టే కాదు. చచ్చిన నాచు, గడ్డి నీళ్లలో మునిగి, గాలి తగలక కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకున్నది. ఏడాదికి ఇంచుమించు ఒక్క మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే మన నడుము లోతు పీటు తయారు కావడానికి వెయ్యేండ్లు! ఆ నాచు తన ఎండు బరువుకు ఇరవై రెట్ల నీరు పట్టుకోగలదు. అందుచేత ఏటవాలు మీద కూడా నీరు దిగిపోదు, కొండంతా తడిసిన బొంతలా ఉంటుంది. ఆ నీరే టీ డికాషను రంగులో కిందికి దిగి చెరువులను నల్లగా చేస్తుంది. పల్లెల్లో దీనిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మనము పిడకలు వాడినట్టు పొయ్యిలో వాడుకునేవారు. ఇప్పటికీ హక్కున్నవారు సొంతానికి కోసుకుంటున్నారు గాని దుకాణాల్లో అమ్మకూడదని 2022లో నిబంధన వచ్చింది.

అమ్మగారు ముందు, మరదలు ఆమె వెనుక, మేము చివర నడుస్తున్నాము. దుంగలు ఇరుకు గనుక పక్కపక్కన నడిచే వీలు లేదు, మాట్లాడే అవసరమూ లేదు. పక్కన ఊదా రంగు హెదర్ పూలు విరగబూశాయి. ఒకచోట మరదలు వంగి ఎర్రని చిన్న మొక్కను చూపింది. ఆకుల మీద జిగురు బొట్లు. పురుగు వాలితే అంటుకుపోతుంది, ఆకు ముడుచుకుని దానిని తినేస్తుంది. ఆ నేలలో బలము లేదు, ఎరువు వేసేవాడు లేడు, మొక్క తన తిండి తాను చూసుకున్నది.

దుంగలు అయిపోయిన తరువాత కొంత మేర రాళ్లు, బురద గుంటలు. ఒకచోట బాటకు అడ్డముగా పెద్ద మడుగు. మరదలు ఆగి, "రాళ్ల మీదుగా మెల్లగా రండి" అన్నది. కుడి పక్కన చూస్తే నున్నగా, పచ్చగా, వరి నారుమడి వంటి చోటు. నారుమడిలో దిగని రోజు లేకుండా పెరిగినవారము! దమ్ము చేసిన చేలో ఎడ్ల వెనుక పరుగెత్తినవారము! బురద మాకు కొత్తా? అదే మాట పైకి అని, ఆ పచ్చని చోట కాలు పెట్టాము.

మొదటి అడుగుకు మోకాలు, రెండవ అడుగుకు తొడ.

మన చేలో ఎంత బురద ఉన్నా మూరెడు లోతులో గట్టి నేల తగులుతుంది. ఏటేటా దమ్ము చేయగా చేయగా ఎడ్ల గిట్టల కింద అడుగు గట్టిపడి ఉంటుంది. కాలికి ఆ సంగతి తెలుసు, అందుకే భయపడదు. ఇక్కడ మా కాలు ఆ అడుగు కోసము వెదికింది. లేదు. ఎంత పచ్చగా ఉంటే అంత నీరున్న చోటని ఆ దేశములో పిల్లలకు కూడా తెలుసునట. రెండవ కాలు తీయబోతే మొదటిది ఇంకా దిగింది. కీర్తనలలో దొంగ ఊబి అనే మాటను గూర్చి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. ఆ 'దొంగ' అనే మాటకు అర్థము ఆ రోజు దాకా తెలియదు.

"బావగారూ, కదలకండి! వెనక్కి వాలండి, పడుకున్నట్టు వాలండి!" అని మరదలు అరిచింది. సంఘ కాపరి వెల్లకిలా బురదలో పడుకోవడమా అని ఒక క్షణము ఆలోచించాము కూడా. సిగ్గుమాలిన మాటే గాని నిజము. చివరకు వాలాము. మరదలు రాతి మీద కూర్చుని మా భుజము పట్టుకున్నది. తాను జారిపోతుంటే అమ్మగారు వెనుక నుండి ఆమె నడుము రెండు చేతులా వాటేసుకుని లాగింది. పాలేరు దూడను లాగినట్టు లాగారు. కాలు వచ్చింది, బూటు రాలేదు. మరదలు బోర్లా పడుకుని, భుజము దాకా చెయ్యి పెట్టి బూటును కూడా పైకి తీసింది.

తరువాత ముగ్గురమూ రాళ్ల మీద కూర్చుని ఆయాసపడుతున్నాము. అక్కచెల్లెళ్ల చేతులు ఇంకా పట్టుకునే ఉన్నాయి. ఎవరూ విడిపించుకోలేదు. మేము బూటులో నీళ్లు వంచుకుంటూ చూడనట్టు నటించాము.

ఇప్పుడు ఆ కారణము చెప్పాలి. మా అత్తగారు 2021 మే నెలలో, కరోనా రెండవసారి విజృంభించినప్పుడు ప్రభువునందు నిద్రించారు. చిన్న కూతురు రాలేదు. వస్తే తిరిగి వెళ్లేటప్పుడు హోటలు నిర్బంధములో రోజుల తరబడి ఉండాలి. ఆమె పనిచేసే వార్డు నిండా రోగులు. సమాధి కార్యక్రమము ఫోనులో చూసింది. ఆ రాత్రి మా ఇంటామె దుఃఖములో ఆ ఫోనులోనే, "అమ్మ నీ పేరే పిలిచింది. నీకు జీతమే ముఖ్యమైంది" అన్నది. మేము పక్కనే ఉన్నాము. ఆ మాట తప్పని మాకు తెలుసు. ఆపలేదు. తరువాత మూడేండ్లలోనూ ఆ మాట ఎత్తలేదు. ఊరి వారి తగవులు ఎన్నో తీర్చినవారము, సొంత ఇంట్లో మాత్రము కాలమే సరిచేస్తుందిలే అని ఊరుకున్నాము.

ఈలోగా మబ్బు దిగింది. పైనున్న శిఖరము మాయమైనది. మా ప్యాంటు తడిసి చలి పట్టుకున్నది. వెనక్కి పోదామని అనవలసినది అమ్మగారు. కొండ ఎక్కనని మొదట మొండికేసినది ఆమే గదా. కాని ఆమే లేచి, "ఇంకెంత దూరము బుజ్జీ?" అన్నది. అరగంట అని మరదలు చెప్పింది. "సరే, పద." మా అభిప్రాయము ఎవరూ అడగలేదు.

చివరి ఎక్కుడులో మబ్బు లోపల మూడు గజాల ముందు మనిషి కనబడలేదు. ఎక్కడో గొర్రె అరిచింది. ఆ కొండ మీదనే 1946 ఆగస్టు 12న ఫ్రాన్సు నుండి గైడ్ల దళపు బాలికలతో డబ్లిన్ వస్తున్న విమానము ఇటువంటి మబ్బులోనే కూలినదని మరదలు నడుస్తూ చెప్పింది. అందులో ఉన్నవారు అందరూ బ్రతికారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ మెత్తని నేలే వారిని ఆదుకున్నదేమో అని మాకు అనిపించింది. గంట క్రితమే మమ్మును మింగబోయిన నేల!

శిఖరము మీద బండరాళ్ల గుట్ట, ఒక సిమెంటు స్తంభము. అంతే. చూడవలసిన సముద్రమూ లేదు, లోయా లేదు. గాలికి నిలబడలేక బండ చాటున కూర్చున్నాము. మరదలు ఫ్లాస్కు మూత తీసి టీ పోసింది. ఎవరి వంకా చూడకుండా మొదలుపెట్టింది.

"అక్కా, అమ్మను పెట్టెలో దించేటప్పుడు ఫోను ఆగిపోయింది. సిగ్నలు పోయిందో ఏమో. మళ్లీ వచ్చేసరికి పూలు వేస్తున్నారు. ఆ రోజు నేను డ్యూటీకి పోయాననుకున్నావు కదా. పోలేదు. ఒక్క రోజు సెలవు ఇచ్చారు. ఇంట్లో ఉండలేక కారు వేసుకుని ఇక్కడికి వచ్చాను. అంతకు ముందు నెల దాకా ఇల్లు దాటి అయిదు కిలోమీటర్లు పోనిచ్చేవారు కాదు, కిటికీలోంచి ఈ కొండల్ని చూడడమే. ఆ రోజు వానలో ఈ రాయి దగ్గరే కూర్చుని అమ్మా అమ్మా అని గట్టిగా అరిచాను. ఇక్కడైతే ఎవరికీ వినబడదు. నీకు చెప్పాలని ఎన్నిసార్లు ఫోను తీశానో."

అమ్మగారు టీ కప్పు కింద పెట్టింది. చాలాసేపు గాలి చప్పుడే. చివరకు అన్నది: "అమ్మ నీ పేరు పిలిచింది నిజమే. నువ్వు రాలేదని కాదే. బుజ్జి తిన్నదా, అని అడిగింది. నేను నీకు ఆ సగమే చెప్పాను."

ఇద్దరూ ఏడ్చారు. మేము అప్పుడు ఏదైనా చెప్పవలసినవారము. ఇరవై ఏండ్ల సేవలో మరణించినవారి ఇండ్లలో ఎన్ని ఓదార్పు మాటలు చెప్పాము! ఒక్కటి కూడా నోటికి రాలేదు. చివరకు మా తప్పు ఒప్పుకున్నాము. ఆ రాత్రి పక్కనే ఉండి ఆపలేదని, మూడేండ్లు పిరికితనముతో ఊరుకున్నామని. మరదలు కండ్లు తుడుచుకుని, "మీరు ముందు ఆ సాక్సు పిండుకోండి బావగారూ" అన్నది.

దిగబోతుంటే మబ్బు ఒక రెండు నిమిషాలు చిరిగింది. తూర్పున సముద్రము, దాని ముందు షుగర్ లోఫ్ అనే మొనదేలిన చిన్న కొండ, దానికి అవతల మరదలి ఊరి ఇండ్లు. తన కిటికీ ఏ వైపుదో ఆమె చెయ్యి చాపి చూపింది. మాకు ఏమీ తెలియలేదు గాని అమ్మగారు "కనబడింది, కనబడింది" అన్నది. మళ్లీ మూసుకుపోయింది.

ఆ సోమవారము డబ్లిన్ లోని జాతీయ మ్యూజియములో ఒక పుస్తకము చూశాము. 2006 జూలైలో టిప్పరరీ జిల్లాలో ఒకాయన యంత్రముతో ఊబి నేల తవ్వుతుండగా ఒక తోలు అట్ట పుస్తకము బయటపడింది. అది కీర్తనల గ్రంథము, సుమారు 1200 ఏండ్ల నాటిది! అతడు చదువరి కాకపోయినా తెలివి గలవాడు. ఎండితే పాడవుతుందని వెంటనే తడి పీటు కప్పి ఉంచాడు. చాలా పుటలు ముద్దగా మారినా కొన్ని అక్షరాలు నిలిచాయి. తెరచుకుని ఉన్న చోట 83వ కీర్తన అని పేపర్లలో రాగానే, శత్రువులను గూర్చిన కీర్తన గనుక, అప్పుడు లెబనానులో యుద్ధము జరుగుతున్నది గనుక, ఇది సూచన అని కొందరు హడావుడి చేశారట. మ్యూజియమువారు సర్దిచెప్పవలసి వచ్చింది. లాటిను బైబిలులో కీర్తనల సంఖ్య మన దానికి ఒకటి తక్కువ. అక్కడి 83 మన 84. బాకా లోయ ఉన్నది. వారి భాషలో కన్నీళ్ల లోయ. తొందరపడి వాక్యము విప్పేవారికి ఆ సంగతి చెప్పాలని ఇక్కడ రాశాము. అద్దము వెనుక ఆ నల్లని పుటల ముందు అక్కచెల్లెళ్లు చాలాసేపు నిలబడ్డారు. కాపలాదారు వచ్చి మూసే వేళయిందని చెప్పాడు.

కొండ నుండి వచ్చిన సాయంత్రము సంగతి ఒకటి మిగిలినది. మరదలి ఇంటి వెనుక పంపు దగ్గర ఇద్దరూ గొంతుకూర్చుని మా బూట్లు కడిగారు. ఎంత కడిగినా నల్లని డికాషను వస్తూనే ఉన్నది. అమ్మ గోంగూర పచ్చడిలో ముందు ఎండుమిరప వేయించేదా, ఆకు వేయించేదా అని వాదన పెట్టుకున్నారు. మిరపే అని అక్క, ఆకే అని చెల్లెలు. గొంతులు లేచాయి. మేము లోపలి నుండి విని, ఈసారి కూడా ఆపలేదు.